సోలార్ పెట్టించాక బిల్లు తగ్గలేదు సరికదా, పెరిగింది. తప్పెక్కడ?

మేడమీది_ఎండ
మూడు నెలలుగా ఇదే టెన్షన్, ఇంక తట్టుకోలేక ఇక్కడ రాస్తున్నా. మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. బ్యాటరీ లేదు, కరెంటు లైనుకి కలిపే రకం. పెట్టించక ముందు మా వాడకం నెలకి 420 యూనిట్లు, ఏ నెల చూసినా దాదాపు అంతే. పెట్టించాక వచ్చిన మూడు బిల్లుల్లో యూనిట్లు చూడండి: 448, 461, 452.

ఇన్వర్టర్ (ప్యానెళ్ళ కరెంటుని ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) యాప్ తెరిస్తే నెలకి 330 యూనిట్లు తయారైనట్టు చూపిస్తోంది. మరి ఆ 330 ఎటు పోయాయి? కొత్తగా ఏ వస్తువూ కొనలేదు. ఇంట్లో మనుషులూ పెరగలేదు. ప్యానెళ్ళు బిగించినవాళ్ళని అడిగితే "మా వైపు అంతా బాగానే ఉంది, యాప్ చూసుకోండి" అంటున్నారు. బిల్లు ఇచ్చేవాళ్ళని అడిగితే "మీటర్ ఎంత తిరిగితే అంత" అంటున్నారు. దాచుకున్న డబ్బంతా దీని మీదే పెట్టాను. నాన్నగారు ఏమీ అనరు కానీ, బిల్లు రాగానే తీసుకెళ్ళి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోతారు. ఆయన తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

చిన్నక్క_23
వాడకం పెరిగి ఉంటుంది తమ్ముడూ. మా ఇంట్లో అదే జరిగింది. సోలార్ ఉంది కదా అని పిల్లలు మధ్యాహ్నం పెట్టిన ఏసీ రాత్రి దాకా ఆపేవాళ్ళు కాదు. పగలు వచ్చిన లాభమంతా రాత్రికి పోయేది. ఒక్కసారి అందరినీ కూర్చోబెట్టి అడుగు.

మేడమీది_ఎండ
అడిగాను అక్కా. మా ఇంట్లో ఉన్నది ఒక్క ఏసీ, అదీ రాత్రి నాలుగు గంటలే. అంతకుముందూ అంతే.

సందేహం_సత్యం
నేను మొదటినుంచీ చెబుతున్నది ఇదే. ఎండ ఉచితం అంటారు, పెట్టుబడి మాత్రం ముందే లాగేస్తారు. ఆ డబ్బు వెనక్కి వచ్చేసరికి ప్యానెళ్ళు పాతబడిపోతాయి. మీ కేసు చూశాక నా అనుమానం ఇంకా బలపడింది.

వైరు_వాసు
సత్యం గారూ, ఒక ఇంట్లో తేడా వచ్చిందని మొత్తం సోలార్‌నే కొట్టిపారేయకండి. నేను పదేళ్ళుగా ఇదే పని చేస్తున్నా.

మేడమీది_ఎండ గారూ, ముందు ఇవి చెప్పండి. ప్యానెళ్ళు ఏ దిక్కుకి ఉన్నాయి? వాటి మీద ఏదైనా నీడ పడుతోందా? మబ్బు లేని రోజు మధ్యాహ్నం యాప్‌లో ఎన్ని కిలోవాట్లు చూపిస్తోంది?

నీడ సంగతి ఎందుకు అడుగుతున్నానంటే, చాలామంది దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. ప్యానెల్‌లో సెల్స్ ఒకదాని వెనక ఒకటి గొలుసులా కలిపి ఉంటాయి. ఒక్క సెల్ మీద నీడ పడితే ఆ గొలుసులో కరెంటు అక్కడే ఆగుతుంది. అందుకే మామూలుగా ప్యానెల్‌కి మూడు బైపాస్ డయోడ్లు పెడతారు. నీడ పడిన భాగాన్ని పక్కన పెట్టి మిగతా భాగం పనిచేస్తుంది. అంటే అరచేయంత నీడకి ప్యానెల్‌లో మూడో వంతు పోవచ్చు. ఒక ఇంట్లో వాటర్ ట్యాంక్ పైపు నీడ సన్నగా, కర్రలా, పొద్దున పదింటి దాకా రెండు ప్యానెళ్ళ మీద పడేది. ఆ పైపుని అటువైపు తిప్పాం, అంతే. ఆ వారం నుంచే తేడా తెలిసింది.

మేడమీది_ఎండ
వాసు గారూ, దక్షిణం వైపే ఉన్నాయి. నీడ లేదు, పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా గంటకోసారి మేడెక్కి చూశాను. మధ్యాహ్నం పన్నెండున్నరకి 2.2, ఒక్కోసారి 2.3 కిలోవాట్లు వస్తుంది. 3 ఎప్పుడూ రాలేదు. అంటే తక్కువ సరుకు అంటగట్టారా?

వైరు_వాసు
లేదు, 2.3 మంచి అంకే. ప్యానెల్ వెనక రాసి ఉండే వాట్లు ల్యాబ్‌లో కొలిచినవి. చదరపు మీటరుకి 1000 వాట్ల వెలుతురు, సెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క అది. ఎండాకాలం మీ మేడ మీద ఆ సెల్ వేడి 60, 65 డిగ్రీలకి పోతుంది. ఒక్కో డిగ్రీకి దాదాపు 0.35 శాతం పడిపోతుంది అనుకుంటే, 40 డిగ్రీలకి 14 శాతం అక్కడే పోయింది. ఆపైన దుమ్ము, వైర్లు, ఇన్వర్టర్ తినేది.

గాలిపటం
అంటే ఎండ ఎక్కువగా మండితే కరెంటు తగ్గుతుందా? నేను ఇన్నాళ్ళూ తిరగేసి అనుకుంటున్నా!

వైరు_వాసు
ప్యానెల్‌కి కావలసింది వెలుతురు, వేడి కాదు. వాన వెలిసి, ఆకాశం తేటపడి, చల్లగాలి వీచే రోజు చూడండి, ఆరోజు అంకెలు అదిరిపోతాయి. అందుకే ప్యానెళ్ళని శ్లాబుకి అతికించినట్టు పెట్టనివ్వకండి. కింద గాలి ఆడాలి.

గాలిపటం
సరే, నేనూ ఒక చిన్న లెక్క వేశా. నెలకి 330 అంటే రోజుకి 11. మూడుతో భాగిస్తే కిలోవాట్‌కి 3.7 చొప్పున. బాగా ఎండ ఉండే చోట్ల కిలోవాట్‌కి రోజుకి 4 అంటారు కదా, దానికి దగ్గర్లోనే ఉంది. అంటే తయారీలో లోపం లేదు.

లెక్కల_మాస్టారు
గాలిపటం సరిగ్గా చెప్పాడు. ఇక్కడినుంచి మనం ప్యానెళ్ళని వదిలేద్దాం. అందరూ మేడ మీదే వెతుకుతున్నారు. దొంగ కింద ఉన్నాడేమో!

బాబూ, ఒకటి గుర్తుపెట్టుకో. యాప్‌లో కనిపించేది తయారైన కరెంటు. బిల్లులో ఉండేది మీటర్ గుండా పోయిన కరెంటు. రెండూ వేరు. తయారైన దాంట్లో కొంత ఆ క్షణంలోనే మీ ఫ్రిజ్, ఫ్యాన్లు వాడేసుకుంటాయి. అది మీటర్ దాకా వెళ్ళనే వెళ్ళదు. మిగిలింది మీటర్ దాటి లైన్లోకి పోతుంది. రాత్రి మళ్ళీ లైన్ నుంచి మీరు తీసుకుంటారు.

ఇప్పుడు ఆలోచించు. మీరు లైన్లోకి పంపినదానికి వాళ్ళు ఒక్క పైసా ఇవ్వకపోయినా సరే, పగలు మీ ఇంట్లో నేరుగా వాడుకున్నంత మేరకు బిల్లు తగ్గి తీరాలి. తగ్గకపోవడమే వింత. పెరిగిందంటే మాత్రం రెండే దారులు. వాడకమైనా పెరిగి ఉండాలి, మీటరైనా తప్పు లెక్కపెడుతూ ఉండాలి. వాడకం పెరగలేదంటున్నావు.

మీటర్ తెరమీద అంకెలు మారుతూ ఉంటాయి కదా. చాలా మీటర్లలో 1.8.0 అని వచ్చాక కనిపించేది మీరు తీసుకున్న యూనిట్లు. 2.8.0 అని వచ్చాక కనిపించేది మీరు పంపినవి. ఆ రెండో అంకె ఎంతుందో చూసి రాయి.

మేడమీది_ఎండ
మాస్టారూ, పది నిమిషాలు మీటర్ ముందు నిలబడ్డాను. 2.8.0 అనేదే రావట్లేదు. యూనిట్ల అంకె ఒకటే వస్తోంది. ఇది మా పాత మీటరే, సోలార్ పెట్టాక ఎవరూ మార్చలేదు. అప్పుడు అడిగితే "కొత్త మీటర్‌కి కాగితాలు పెట్టాం, వస్తుంది, ఈలోపు ఆన్ చేసుకోండి, ఎండ ఎందుకు వృథా" అన్నారు.

పాత_లైన్‌మన్
ముప్పై ఏళ్ళు స్తంభాలెక్కిన వాణ్ణి. ఆ చివరి వాక్యం చదవగానే విషయం అర్థమైంది.

పాతకాలం మీటర్లలో అల్యూమినియం చక్రం తిరిగేది. కరెంటు ఎదురు పోతే చక్రం వెనక్కి తిరిగేది. కొంతమంది దాన్ని అడ్డం పెట్టుకుని మీటర్‌కి వైర్లు తిరగేసి కట్టి దొంగతనం చేసేవారు. అందుకని ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చాక చాలావాటిని ఎటు పోయినా వాడకంగానే లెక్కపెట్టేలా తయారుచేశారు. దొంగని పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. సోలార్ ఉన్న ఇంట్లో ఆ మీటర్‌ని అలాగే వదిలేస్తే, మీరు లైన్‌కి ఇచ్చే కరెంటుని కూడా మీరు వాడినట్టే రాసుకుంటుంది.

పరీక్ష చెబుతా. రేపు ఎండ బాగా ఉన్నప్పుడు, పన్నెండు గంటలకి, ఇంట్లో వస్తువులకి కరెంటు పంపే ఎం.సి.బి.లు (బోర్డులో ఉండే చిన్న బ్రేకర్ స్విచ్చులు) అన్నీ ఆపండి. ఫ్రిజ్ కూడా, తలుపు తెరవకపోతే ఒక గంటకి ఏమీ కాదు. మెయిన్, సోలార్ ఎం.సి.బి. మాత్రం ఆన్‌లోనే ఉండాలి. మీటర్ అంకె ఫోటో తీసుకోండి. గంట తర్వాత మళ్ళీ ఫోటో. ఇంట్లో ఏదీ నడవట్లేదు కాబట్టి వాడకం అంకె కదలకూడదు. కదిలితే మీ దొంగ దొరికినట్టే.

మీటర్ సీలు మీద మాత్రం చెయ్యి వేయొద్దు నాయనా. చూడటం, ఫోటో తీయడం, అంతవరకే.

చిన్నక్క_23
పెదనాన్న చెప్పింది చదివితే ఒళ్ళు జలదరించింది. ఇచ్చిన కరెంటుకి కూడా మనమే డబ్బు కట్టడమా?

నీలిమబ్బు
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మీలో తెలిసినవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మాకూ బ్యాటరీ లేని సోలారే. కరెంటు పోతే పట్టపగలు ఎండలో కూడా ఇంట్లో అంతా ఆగిపోతోంది. మా నాన్నగారికి ఆక్సిజన్ యంత్రం పెట్టాలి. అసలు ఆయన కోసమే సోలార్ పెట్టించాను. మొన్న కరెంటు పోయి నలభై నిమిషాలు సిలిండర్ మీద నెట్టుకొచ్చాం. మేడ మీద ఎండ మండిపోతోంది, కింద యంత్రం ఆగిపోయి ఉంది. ఇన్వర్టర్ చెడిపోయిందా?

పాత_లైన్‌మన్
అమ్మా, చెడిపోలేదు. అది అలాగే ఆగాలి. లైన్లో కరెంటు పోతే లైనుకి కలిపిన ఇన్వర్టర్ క్షణాల్లో ఆగిపోవాలి, అది నియమం. ఎందుకో చెబుతా. కరెంటు తీసేశాక మావాళ్ళు స్తంభమెక్కి వైర్లు పట్టుకుంటారు. అప్పుడు ఏ ఇంటినుంచైనా కరెంటు వెనక్కి వచ్చిందనుకోండి, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని పెద్ద వోల్టేజీగా మార్చి లైన్లోకి నెడుతుంది. సోలార్ రాకముందు జనరేటర్లతో ఇలాగే అయ్యేది. నాతో పనిచేసిన కుర్రాడు ఒకడు ఓ ఇంటి జనరేటర్ వల్ల స్తంభం మీదినుంచి పడిపోయాడు. బతికాడు కానీ కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది. అందుకే ఇన్వర్టర్ ఆగిపోతే నాకు కోపం రాదు, ఊపిరి పీల్చుకుంటాను.

మీ నాన్నగారి యంత్రానికి వేరే ఏర్పాటు కావాలి. వాసు చెబుతాడు.

వైరు_వాసు
నీలిమబ్బు గారూ, రెండు దారులున్నాయి. ఒకటి, ఇప్పుడున్న ఇన్వర్టర్ తీసి హైబ్రిడ్ రకం పెట్టి, బ్యాటరీ కలపడం. కరెంటు పోగానే అది ఇంటిని లైన్ నుంచి విడదీసి, మీరు ఎంచుకున్న కొన్ని ప్లగ్గులకి మాత్రం కరెంటు ఇస్తుంది. రెండోది తక్కువ ఖర్చు: సోలార్‌ని అలాగే వదిలేసి, యంత్రం కోసం మామూలు ఇంటి ఇన్వర్టర్, బ్యాటరీ విడిగా పెట్టుకోవడం. దాంట్లో ప్యూర్ సైన్‌వేవ్ రకమే (లైన్ కరెంటు లాగే నున్నటి అలలా కరెంటు ఇచ్చేది) తీసుకోండి.

యంత్రం మీద ఎన్ని వాట్లు అని రాసి ఉంటుంది, చూడండి. 350 వాట్లయితే మూడు గంటలకి ఒక యూనిట్ పైనే కావాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది, కాబట్టి రెట్టింపు సైజు తీసుకోవాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే ఎనభై, తొంభై శాతం దాకా వాడుకోవచ్చు. కొన్ని వేలసార్లు చార్జ్ చేసినా నిలుస్తుంది, కానీ ముందు ఖర్చు ఎక్కువ.

సిలిండర్ మాత్రం ఎప్పుడూ నిండుగా ఉంచండి. బ్యాటరీ ఉంది కదా అని దాన్ని తీసేయకండి.

నీలిమబ్బు
చాలా థాంక్స్ అన్నా. యంత్రం మీద 310 వాట్లు అని ఉంది. రెండో దారే చేస్తాం, ఈ వారమే. అమ్మేటప్పుడు ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఆ నలభై నిమిషాలు పడేవాళ్ళం కాదు.

సందేహం_సత్యం
చూశారా, అమ్మేవాళ్ళు చెప్పరు. నా బాధ అదే.

లెక్కల_మాస్టారు
సత్యం గారూ, ఆ మాట ఒప్పుకుంటాను. అయితే మీరు మొదట అన్న "డబ్బు వెనక్కి రాదు" అనే మాటకి లెక్క కావాలి. మొత్తం ఖర్చుని ఏడాదికి మిగిలే బిల్లుతో భాగించండి. అన్ని ఏళ్ళకి పెట్టుబడి తిరిగొస్తుంది. ప్యానెల్ ఏడాదికి దాదాపు అర శాతం తగ్గుతూ పోతుంది. పాతికేళ్ళ తర్వాత కూడా ఎనభై శాతం పైగా ఇస్తుందని కంపెనీలు రాసిస్తాయి. ఇన్వర్టర్ అంతకాలం ఉండదు, పది పదిహేనేళ్ళకి ఒకసారి మార్చాల్సి వస్తుంది, ఆ ఖర్చు కూడా కలపండి. అప్పుడు వచ్చిన ఏళ్ళ సంఖ్య మీకు నచ్చకపోతే పెట్టుకోవద్దు. వాడకం తక్కువున్న ఇంటికి, ఇంకో రెండేళ్ళలో మారిపోయే అద్దె ఇంటికి నేనే వద్దంటాను.

సందేహం_సత్యం
సరే, ఇలా చెబితే వింటాను. నా వాడకం నెలకి 90 యూనిట్లే. నాకు అనవసరం అన్నమాట.

లెక్కల_మాస్టారు
మీ ఇంటికి తొందరేం లేదు. ఎక్కువ వాడేకొద్దీ యూనిట్ రేటు పెరిగే పద్ధతి ఉన్నచోట, పై మెట్టులో ఉన్నవాళ్ళకే సోలార్ వల్ల ముందు లాభం. తగ్గేది ఆ ఖరీదైన యూనిట్లే కదా.

పిచ్చుకగూడు
మాది మూడో అంతస్తు ఫ్లాట్. మేడ మీద మాకు హక్కు లేదు. మాలాంటి వాళ్ళకి ఏదైనా దారి ఉందా, లేక చదివి ఆనందించడమేనా?

గాలిపటం
బాల్కనీ రెయిలింగ్‌కి తగిలించే చిన్న ప్యానెళ్ళు ఉన్నాయి. జర్మనీలో 800 వాట్ల వరకు అలా పెట్టుకోనిస్తారు, 2024కి ముందు ఆ పరిమితి 600. నేరుగా ప్లగ్గులో పెట్టేస్తారట.

వైరు_వాసు
అలా ప్లగ్గులో పెట్టే ముందు మీ దగ్గర ఒప్పుకుంటారో లేదో కనుక్కోండి. ఒప్పుకోని చోట అడక్కుండా పెడితే మేడమీది_ఎండ గారి మీటర్ కథే మళ్ళీ మొదలవుతుంది. పిచ్చుకగూడు గారూ, మీకు నా సలహా వేరు. ఇంట్లో పాత ఫ్యాన్లు ఎన్ని ఉన్నాయి?

పిచ్చుకగూడు
నాలుగు. రోజుకి పదిహేను గంటలైనా తిరుగుతాయి.

వైరు_వాసు
పాత ఫ్యాన్ 75 వాట్లు తింటుంది. బి.ఎల్.డి.సి. ఫ్యాన్‌కి (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటార్ ఉన్నది) 30 చాలు. ఒక్కోదానికి 45 మిగిలితే, నాలుగింటికి, పదిహేను గంటలకి, రోజుకి 2.7 యూనిట్లు. నెలకి 81. గాలిపటం వేసిన 3.7 లెక్కన చూస్తే, ముప్పావు కిలోవాట్ సోలార్ పెట్టినంత పని. మేడ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మేడ ఉన్నవాళ్ళకి కూడా నేను ఇదే చెబుతా. ముందు ఫ్యాన్లు, పాత ఫ్రిజ్, గీజర్ చూసుకోండి, ఆ తర్వాత ఎన్ని కిలోవాట్లు కావాలో తేల్చుకోండి. ఇలా చెప్పినందుకు నాకు చిన్న ఆర్డర్లే వస్తాయి, అయినా పర్లేదు.

పిచ్చుకగూడు
81 యూనిట్లా! ఈ నెల రెండు, వచ్చే నెల రెండు మార్చేస్తా.

మేడమీది_ఎండ
అందరూ ఉన్నారా? ఇప్పుడే పరీక్ష చేశా. పన్నెండింటికి అన్నీ ఆపేశాను. అమ్మ, నాన్న, నేను చెమటలు కక్కుతూ కూర్చున్నాం. యాప్‌లో 2.1 కిలోవాట్లు. మీటర్ అంకె 7312. ఒంటిగంటకి చూస్తే 7314. ఇంట్లో ఒక్క బల్బు కూడా వెలగలేదు, రెండు యూనిట్లు తిరిగాయి.

నాన్నగారు మీటర్ దగ్గరే కుర్చీ వేసుకుని గంటసేపు ఆ ఎర్ర లైటు మినుకుమనడం చూస్తూ ఉన్నారు. చివర్లో నా భుజం మీద చెయ్యి వేసి "నీ తప్పు కాదురా" అన్నారు. ఇది టైప్ చేస్తుంటే కూడా కళ్ళు తడుస్తున్నాయి.

పాత_లైన్‌మన్
అనుకున్నదే అయింది. ఫోటోలు జాగ్రత్త.

చిన్నక్క_23
మొదట నేనే నిన్ను అనుమానించాను తమ్ముడూ. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

లెక్కల_మాస్టారు
ఇప్పుడు మొత్తం కథ అంకెల్లో చెప్పొచ్చు. మూడు బిల్లుల సగటు 454. అది తీసుకున్నది, పంపింది కలిపిన మొత్తం. మీ వాడకం 420, తయారీ 330. వాడకంలోంచి తయారీ తీసేస్తే 90. తీసుకున్నదానికీ పంపినదానికీ మధ్య తేడా కూడా అదే 90 అవ్వాలి. మొత్తం 454, తేడా 90. అంటే తీసుకున్నది 272, పంపింది 182. పగలు నేరుగా వాడుకున్నది 148.

నెలకి 182 యూనిట్లు మీరు ఊరికి ఇచ్చారు, వాటికి మీ చేతే డబ్బు కట్టించుకున్నారు. మీటర్ సరిగ్గా ఉంటే, పంపినది మొత్తం తీసివేసే పద్ధతిలో మీ బిల్లు 90 యూనిట్లకి రావాలి.

గాలిపటం
మరి కొత్త మీటర్ వచ్చేదాకా? సోలార్ మొత్తం ఆపేసినా 420 దగ్గరే ఆగుతుంది కదా, 454 కంటే అదే నయం!

వైరు_వాసు
ఆపేయడం కంటే మంచి దారి ఉంది. చాలా ఇన్వర్టర్లలో బయటికి పంపకుండా ఆపే అమరిక ఉంటుంది. మీటర్ పక్కన వైరు చుట్టూ చిన్న సెన్సార్ బిగిస్తే, ఇంట్లో ఎంత వాడుతున్నారో చూసుకుని అంతే తయారుచేస్తుంది. అప్పుడు బిల్లు 272 దగ్గరికి దిగుతుంది. బిగించినవాళ్ళతోనే ఉచితంగా చేయించుకోండి. మీటర్ మారకుండా ఆన్ చేసింది వాళ్ళే, కాబట్టి వాళ్ళే చేయాలి. పన్లో పనిగా ఎర్తింగ్, సర్జ్ ప్రొటెక్టర్ కూడా చూపించమనండి.

డి.సి. వైపు, అంటే ప్యానెళ్ళ నుంచి ఇన్వర్టర్ దాకా వచ్చే వైర్ల మీద మాత్రం, మీరు ఎవరూ చెయ్యి పెట్టొద్దు. ప్యానెళ్ళు వరసగా కలిస్తే కొన్ని వందల వోల్టులు ఉంటాయి. పగలు వాటిని ఆపే స్విచ్చే లేదు, వెలుతురు ఉన్నంతసేపూ అవి బతికే ఉంటాయి. ఏ.సి. నిప్పురవ్వ సైకిల్‌కి రెండుసార్లు సున్నాకి వచ్చి ఆరుతుంది, డి.సి.ది అలా ఆరదు. కాలుతూనే ఉంటుంది.

చిన్నక్క_23
అయితే నేను మేడెక్కి ప్యానెళ్ళు కడగొచ్చా లేదా? మావారు సబ్బుపొడి వేసి రుద్దుతారు.

వైరు_వాసు
కడగొచ్చు అక్కా, సబ్బుపొడి వద్దు. పొడి మరక మిగిలితే దాని మీద దుమ్ము ఇంకా అంటుతుంది. తెల్లవారుజామునో, పొద్దు వాలాకో, మెత్తటి గుడ్డ, మామూలు నీళ్ళు చాలు. మధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చల్లటి నీళ్ళు పోయొద్దు. ఉప్పునీళ్ళ బోరు అయితే చివర్లో నీళ్ళు ఆరకముందే తుడిచేయండి, లేకపోతే తెల్లటి చారలు పడతాయి.

రాత్రిబండి
నాది రాత్రి డ్యూటీ. పగలు ఇంట్లోనే నిద్ర, ఏసీ పగలే నడుస్తుంది. సోలార్ నాకోసమే పుట్టినట్టుంది. అందరూ బట్టలు ఉతకడం, నీళ్ళ మోటార్, గీజర్ అన్నీ మధ్యాహ్నం పెట్టుకోవాలి. నేను ముందునుంచీ అదే చెబుతా అందరికీ.

గాలిపటం
దాని వల్ల తేడా ఏముంది? పంపింది, తీసుకున్నది సమానంగా కొట్టేస్తే ఎప్పుడు వాడినా ఒకటే. మధ్యాహ్నం గీజర్ పెట్టుకుని రాత్రి చన్నీళ్ళు పోసుకోవడం ఎందుకు?

రాత్రిబండి
మీ దగ్గర సమానంగా కొడతారేమో. మా దగ్గర మేం పంపిన యూనిట్‌కి ఇచ్చేది, తీసుకున్న యూనిట్‌కి కట్టేదాంట్లో సగం కూడా ఉండదు. మాకు మధ్యాహ్నం వాడిన ప్రతి యూనిట్ లాభమే.

లెక్కల_మాస్టారు
ఇద్దరూ చెప్పింది నిజమే, పద్ధతులే వేరు. గాలిపటం చెబుతున్నది నెట్ మీటరింగ్. యూనిట్‌కి యూనిట్ తీసేస్తారు. రాత్రిబండిది నెట్ బిల్లింగ్. రెండింటికి వేరువేరు రేట్లు కడతారు. మొదటిదాంట్లో ఎప్పుడు వాడినా ఒకటే. రెండోదాంట్లో పగలు వాడినవాడే గట్టివాడు, అక్కడ బ్యాటరీకి కూడా అర్థం ఉంటుంది. మూడోది గ్రాస్ మీటరింగ్, తయారైనదంతా లైన్లోకే పోతుంది, మీ వాడకం విడిగా లెక్కపెడతారు. సంతకం పెట్టే ముందు మనం ఏ పద్ధతిలోకి వస్తామో అడిగి తెలుసుకోవాలి. ఎన్ని కిలోవాట్లు పెట్టాలన్నది కూడా దాన్నిబట్టే మారుతుంది.

గాలిపటం
ఒప్పుకున్నా రాత్రిబండీ. నీకు మధ్యాహ్నం వేడినీళ్ళ స్నానం, నాకు రాత్రి!

నీలిమబ్బు
చిన్న కబురు. ఇన్వర్టర్, బ్యాటరీ బిగించారు. నిన్న కరెంటు పోయి రెండు గంటలైంది. యంత్రం ఆగలేదు. నాన్నగారు నిద్ర కూడా లేవలేదు. వాసు అన్నకీ, లైన్‌మన్ బాబాయ్‌కీ మా ఇంట్లో అందరం దణ్ణం పెట్టుకుంటున్నాం.

పాత_లైన్‌మన్
ఈ కబురు చదివి మనసు నిండిందమ్మా.

మేడమీది_ఎండ
ఆరు వారాల తర్వాత రాస్తున్నా. సెన్సార్ బిగించారు. కొంచెం గట్టిగా అడగాల్సి వచ్చింది కానీ డబ్బు తీసుకోలేదు. ఆ తర్వాత రెండు వైపులా లెక్కపెట్టే మీటర్ వచ్చింది. అది వచ్చాక పంపడం మళ్ళీ తెరిచారు. మొదటి నెల బిల్లు ఈరోజే వచ్చింది. తీసుకున్నది 264, పంపింది 189, కట్టాల్సింది 75 యూనిట్లకి, పైన స్థిర చార్జీలు. యాప్‌లో తయారీ 338.

ఈసారి బిల్లు నాన్నగారు నా బల్ల మీద పెట్టలేదు. చేతికిచ్చారు, చదివి వినిపించమన్నారు.

పాత మూడు నెలల ఎక్కువ బిల్లు కోసం అర్జీ రాస్తున్నా. ఏమేం జత చేయాలి?

పాత_లైన్‌మన్
సోలార్ పెట్టక ముందు ఏడాది బిల్లులు, ఆ మూడు బిల్లులు, యాప్‌లో నెలవారీ తయారీ పట్టిక, ఆ గంట పరీక్ష ఫోటోలు, కొత్త మీటర్ మొదటి నెల రీడింగ్. మాస్టారి లెక్క ఒక కాగితం మీద విడిగా రాసి పెట్టండి. కోపం మాటలు వద్దు, అంకెలు చాలు. ఇచ్చినట్టు రసీదు తీసుకోవడం మర్చిపోకండి.

లెక్కల_మాస్టారు
కొత్త నెల అంకెలు సరిచూశా. 338లో 189 పంపారు, నేరుగా వాడింది 149. దానికి 264 కలిపితే వాడకం 413. పాత 420కి సరిపోయింది. మనం ఊహించిన 148కి ఒక్క యూనిట్ తేడా. అర్జీలో ఈ వాక్యం తప్పకుండా రాయి బాబూ, మీ వాడకం పెరగలేదనడానికి అదే సాక్ష్యం.

కొత్తగా_చేరా
ఇదంతా ఒక్క బిగిన చదివి పరుగెత్తుకెళ్ళి మా మీటర్ చూశా. మేం సోలార్ ఆన్ చేసి పద్నాలుగు రోజులైంది. మా దాంట్లో కూడా 2.8.0 రావట్లేదు. ఏం చేయాలి?

మేడమీది_ఎండ
ముందు ఇప్పటి మీటర్ అంకె ఫోటో తీసి పెట్టుకోండి. రేపు పన్నెండింటికి ఆ గంట పరీక్ష చేయండి, ఎలా చేయాలో లైన్‌మన్ గారు పైన రాశారు. ఫ్రిజ్ ఆపడం మర్చిపోకండి. ఒంటిగంటకి అంకెలు ఇక్కడ పెట్టండి, నేను చూస్తూ ఉంటా.